తుప్పు అంటని మోకాళ్ళు

2013 ఫిబ్రవరిలో నేను గాల్వెస్టన్ రేవులోని ఒక ఓడల మరమ్మతు యార్డులో సేఫ్టీ సూపరింటెండెంటుగా చేరాను. యార్డు పేరు ఇక్కడ అనవసరం. అంతకు ముందు విశాఖపట్నంలో పదకొండేళ్ళు, హ్యూస్టన్ చుట్టుపక్కల రిఫైనరీల్లో తొమ్మిదేళ్ళు ఇదే రకం పని చేశాను. యార్డులో నా పైన జనరల్ మేనేజరు ఒక్కడే. నా కింద ఆరుగురు ఇన్‌స్పెక్టర్లు. పని ఏమిటని ఎవరైనా అడిగితే, కాగితం చూసి మనుషుల్ని ఇనప గదుల్లోకి పంపడం అని చెప్పేదాన్ని.

ఆ కాగితం గురించి కాస్త వివరించాలి. సరుకు లేనప్పుడు ఓడ మరీ తేలిపోకుండా సముద్రపు నీళ్ళు నింపుకోవడానికి దాని అడుగునా పక్కలా బల్లాస్ట్ ట్యాంకులు ఉంటాయి. ఒక్కో ట్యాంకులో మళ్ళీ నాలుగైదు అరలు. ఒక అర నుంచి ఇంకో అరకు మనిషి మోకాళ్ళ మీద పాకి దూరేంత కంత. నీళ్ళు తోడేసి మూత బిగించి వదిలేస్తే లోపలి ఇనుము తుప్పు పడుతుంది. ఆ తుప్పు గాలిలోని ఆక్సిజన్‌ను తినేస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. దిగినవాడు రెండు ఊపిరులు తీసి కూలిపోతాడు, వాణ్ణి లాగబోయినవాడు వాడి మీదే పడతాడు.

అందుకని వెల్డర్లు దిగే ముందు మెరైన్ కెమిస్ట్ వచ్చి పరీక్ష చేయాలి. ఇది పట్టా ఉన్నవాళ్ళు మాత్రమే చేసే పని. ముందు ఆక్సిజన్, తర్వాత మండే వాయువులు, ఆ తర్వాత విషవాయువులు, వరస తప్పకూడదు. మూత దగ్గర నిలబడి మీటరు చూస్తే చాలదు. ఆయన స్వయంగా దిగి, అర అరకూ పాకి, కళ్ళతో చూడాలి. చూసినవాడే సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాలి. దాన్ని నేను తీసుకుని ఓడ ఎక్కే మెట్ల దగ్గర బోర్డుకు తగిలిస్తాను. అది కనపడితేనే పనివాడు దిగుతాడు.

మా యార్డుకి వచ్చే కెమిస్టు పేర్రాజు గారు. కాకినాడ మనిషి, నేను చేరేనాటికే అరవై దాటాయి. ముప్పై ఏళ్ళుగా ఆ తీరంలో అదే పని, సొంతంగా చిన్న కంపెనీ. ఈ ఉద్యోగం ఖాళీగా ఉందని నాకు చెప్పిందీ, మేనేజరుకు నా గురించి మాట వేసిందీ ఆయనే. నన్ను చెల్లెమ్మా అనేవాడు. గేటు కాపలా మనిషి భార్యకు కాన్పయితే పలకరించడానికి వెళ్ళేవాడు. మెక్సికన్ వెల్డర్లు ఆయన్ని డాన్ రాజు అని పిలిచేవారు. ట్యాంకు దిగేదాకా ఇస్త్రీ మడత కత్తిలా నిలబడే ఖాకీ ప్యాంటు, తెల్ల చొక్కా.

2014 ఎండాకాలంలో ఆయన మహేందర్‌ని చేర్చుకున్నాడు. జగిత్యాల కుర్రాడు, టెక్సస్‌లోనే కెమిస్ట్రీలో ఎమ్మెస్ చేశాడు. ఈ వృత్తి పుస్తకం చదివితే వచ్చేది కాదు, పట్టా ఉన్నవాడి చేతి కింద నేర్చుకోవాలి. ఇద్దరి మధ్యా నాలుగేళ్ళ ఒప్పందం రాసుకున్నారు. శిష్యుడు దిగిన ప్రతి ట్యాంకూ, గడిపిన ప్రతి గంటా లాగ్‌బుక్‌లో ఎక్కాలి, గురువు దాని మీద సంతకం పెట్టాలి. సంతకం లేని గంట లెక్కలోకి రాదు. ఒప్పందం పూర్తయ్యేదాకా ఆ పుస్తకం రాజు గారి బీరువాలో ఉంటుంది. హెచ్-వన్-బి వీసా కూడా రాజు గారి కంపెనీ మీదే. మధ్యలో వదిలి వెళితే పుస్తకం లేదు, వీసా లేదు. అంత మెత్తటి ముక్కుతాడు నేనెక్కడా చూడలేదు.

మెత్తటిదని ఎందుకన్నానంటే, ఆయన ఆ కుర్రాణ్ణి నిజంగానే బాగా చూసుకున్నాడు. పియర్‌లాండ్‌లో తన ఇంట్లోనే పై గది ఇచ్చాడు. ఆయన భార్య భారతి వదిన రోజూ ఇద్దరికీ రెండు క్యారేజీలు కట్టేది. కుర్రాడి తల్లికి ఆపరేషన్ అయితే రాజు గారే పోరి అతన్ని నెల రోజులు ఇంటికి పంపాడు. తర్వాత జరిగింది విన్నవాళ్ళు ఇదంతా నటన అంటారు. అలా అన్నప్పుడు నాకు ఇంకా ఒళ్ళు మండుతుంది. నటన అయితే ఏనాడో తెలిసిపోయేది, ఆ కుర్రాడు ఏనాడో పారిపోయేవాడు.

పనిలో ఆయన నేర్పిన చిట్కా ఒకటి ఇక్కడ చెప్పాలి. ట్యాంకు పరీక్ష చేసేటప్పుడు ఒక ఫీల్డ్ షీట్ మీద అంకెలు రాసుకుంటారు. ఓడ కెప్టెన్లు భుజం మీదుగా తొంగి చూసి, బాగానే ఉందిగా, ఇచ్చెయ్యమని తగులుకుంటారు. అందుకని అంకెలు ఇంగ్లీషులో రాసినా, అనుమానాలు మాత్రం పక్క అంచులో తెలుగులో రాసుకోమనేవాడు. వెయ్యి మైళ్ళలో ఏ కెప్టెనూ అది చదవలేడని ఆయన నవ్వేవాడు. మహేందర్ ఆ అలవాటును తుచ తప్పకుండా పట్టుకున్నాడు.

2015లో రాజు గారి రెండు మోకాళ్ళకూ ఆపరేషన్ అయింది. నిచ్చెన దిగడం కాదు కదా, కారు దిగడమే కష్టమైంది. అప్పుడు పట్టా పక్కన పెట్టి కుర్చీలో కూర్చుని నేర్పాల్సింది. అలా చేయలేదు. గేటుకు ఎదురుగా ఉన్న కాఫీ షాపులో కూర్చునేవాడు. మహేందర్ దిగి చూసి ఫోన్లో చెప్పేవాడు, ఆయన సరేననేవాడు, సర్టిఫికెట్ నా బల్ల మీదకు వచ్చేది. సంతకం రాజు గారిదే. కాఫీ షాపు నుంచి నా బల్ల దాకా ఆయన నడిచి రాలేదని నాకు తెలుసు. నేను అడిగితే ఒకటే మాట అనేవాడు. "పిల్లాడు చూసొచ్చాడు సరళా. వాడు చూస్తే నేను చూసినట్టేనమ్మా."

ఆ సంతకం ఎవరు పెడుతున్నారో కూడా నాకు తెలుసు. ఒక ఆదివారం వాళ్ళింట్లో భోజనాలు. ఎనిమిది మందిమి ఉన్నాం. గుత్తి వంకాయ కూర తింటూ రాజు గారు ఒక పేపర్ నాప్‌కిన్ తెప్పించి, తనో సంతకం పెట్టి, మహేందర్ చేత ఇంకోటి పెట్టించి, ఏది ఎవరిదో చెప్పమన్నాడు. చివర ఎడమకు తిరిగే తోకతో సహా రెండూ ఒక్క అచ్చు. ఎవరమూ చెప్పలేకపోయాం. "నా సంతకం నాకన్నా వీడే బాగా పెడతాడు," అని వాడి వీపు తట్టాడు. కుర్రాడు సిగ్గుపడ్డాడు. అందరం నవ్వాం. నేను మరీ ఎక్కువ నవ్వాను.

2017 ఆగస్టులో సముద్రంలోని చమురు బావులకు సామాను మోసే ఓడ ఒకటి మరమ్మతుకు వచ్చింది. కుడి పక్క మూడో బల్లాస్ట్ ట్యాంకులో రేకులు మార్చాలి. మూత తీసి ముందు రోజు నుంచే గాలి పంపుతున్నారు. కానీ గాలి గొట్టం మొదటి అరలోనే వదిలేశారు. అలా వదిలితే గాలి అక్కడక్కడే తిరిగి మూతలోంచి బయటికి పోతుంది, చివరిదైన నాలుగో అర చచ్చిన గాలితో అలాగే ఉంటుంది. మహేందర్ పొద్దున దిగాడు. మొదటి అరలో ఆక్సిజన్ 20.9 శాతం, అంటే మామూలు గాలి. మూడో అరకు వెళ్ళేసరికి 20.1. మనిషికి పనికిరానిది 19.5కి కింద, కానీ అంకె పడుతూ పోతోందంటే ముందు ఇంకా అన్యాయంగా ఉంటుంది. వెనక్కి వచ్చేశాడు. సరైన పనే చేశాడు. ఫోన్ చేసి, గొట్టం చివరి అర దాకా లాగి ఇంకో నాలుగు గంటలు గాలి పెట్టాలని రాజు గారికి చెప్పాడు.

కెప్టెన్ అప్పటికే రాజు గారికి మూడుసార్లు ఫోన్ చేశాడు. రాజు గారికి ఎవరినీ నొప్పించడం ఇష్టం ఉండదు. ముప్పై ఏళ్ళలో ఇలాంటివి ఎన్నో చూశాననీ, వెల్డర్లు దిగేసరికి గాలి అదే సర్దుకుంటుందనీ, ఇచ్చెయ్యమనీ అన్నాడు. మహేందర్ ఆయన సంతకం పెట్టి కాగితం నా దగ్గరకు తెచ్చాడు. నేను ఫోన్లో ఉన్నాను. ఏదో చెప్పబోయినట్టు బల్ల ముందు కాసేపు నిలబడ్డాడు. నేను చేత్తో కాగితం అందుకుని, తల ఊపి, పంపేశాను. వెళ్ళి బోర్డుకు తగిలించాను.

రెండు గంటల తర్వాత ఎర్నెస్టో అనే ఫిట్టరు చివరి అరలో పడిపోయాడు. పొద్దున్నే తను తెచ్చుకున్న మొక్కజొన్న పిండి టమాలేలు అందరికీ పంచి గాని తినని మనిషి. సిలిండర్లు కట్టుకుని రెస్క్యూ వాళ్ళు లాగారు. ప్రాణం దక్కింది. చేతి వణుకు మాత్రం పోలేదు. మళ్ళీ పనిముట్టు పట్టలేదు.

నాలుగు రోజులకు యార్డు మీటింగ్ రూములో విచారణ. పట్టాలిచ్చే సంస్థ నుంచి ఇద్దరు పరిశీలకులు, యార్డు లాయరు, నేను, రాజు గారు. మహేందర్‌ని ముందు రోజే విడిగా అడిగి పంపేశారు. సర్టిఫికెట్ రాజు గారి ముందు పెట్టి ఇది మీదేనా అన్నారు. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, పెట్టుకుని, నింపాదిగా చూశాడు. ఇది నా సంతకం కాదన్నాడు. అబద్ధం కాదు, అక్షరాలా నిజం. ఆ పైన, కుర్రాడు మంచివాడనీ, తొందరపడి నా సంతకం తనే పెట్టేసి ఉంటాడనీ, అతని మీద కఠినంగా ఉండొద్దనీ బతిమాలాడు. తడిగుడ్డతో గొంతు కోయడం అంటారే, అది నేను ఆ గదిలో కళ్ళారా చూశాను.

ఫీల్డ్ షీట్ చేతులు మారుతూ వచ్చింది. అంకెలు అందరూ చూశారు. కుడి అంచున నీలం ఇంకుతో రెండు వరసలు ఉన్నాయి. పరిశీలకులు దాన్ని ఏదో గీతలనుకున్నారు. రాజు గారి చేతికి వచ్చినప్పుడు ఆయన కళ్ళు ఆ అంచు మీద ఆగాయి. చదివాడు. చదివి, షీటు నాకు అందిస్తూ నా ముఖంలోకి చూశాడు. బెదిరింపు కాదు, వేడుకోలు కాదు. నమ్మకం. చెల్లెలు ఎందుకు చెబుతుందిలే అన్న నమ్మకం.

నేనూ చదివాను. నాలుగో గది చూడలే, 20.1 దాక పడ్డది, సార్‌కు ఫోన్ల చెప్పిన, ఇచ్చెయ్యమన్నడు. అంతే ఉంది. పక్కనే టైము. ఆ గదిలో తెలుగు వచ్చినవాళ్ళం మేమిద్దరమే. నేను షీటును పక్కాయనకు అందించాను. ఆ రోజు నేను చేసింది అది, దానికి ఏ పేరు పెట్టినా తక్కువే.

సాయంత్రం పార్కింగ్ లాట్‌లో మహేందర్ తన కార్లో కూర్చుని ఉన్నాడు. ఉన్నదున్నట్టు చెప్పొచ్చు కదా అని నిలదీశాను. అప్పుడు తెలిసింది, అతను ముందు రోజే రాసిచ్చేశాడని.

"స్టేట్‌మెంట్ ఇచ్చేసిన ఆంటీ. సార్‌కు తెల్వకుండ నేనే సైన్ చేసిన అని. సార్ పట్టా పోతే నా లాగ్‌బుక్ ఏమైతది? మూడేండ్లు మొత్తం ఆయన సంతకాలే. సారే చెప్పిండు, నువ్వు ఒప్పుకో, నేను నెమ్మదిగ సర్దుత అని."

దాన్ని ఫోర్జరీ అంటారనీ, కేసు పెడితే ఈ దేశంలో ఇంక ఉండలేడనీ చెప్పాను. స్టీరింగ్ మీద గోటితో గీరుతూ అన్నాడు.

"ఆయన ఇంట్ల మూడేండ్లు తిన్న ఆంటీ. కొడుకు లెక్క చూస్కున్నడు. ఎట్ల చెప్పాలె?"

అరికాలి మంట నెత్తికెక్కింది. అతని మీద కాదు. అన్నం పెట్టి నోరు కుట్టడం అంటే ఏమిటో అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది.

ఇల్లు చేరేసరికి భారతి వదిన గుమ్మంలో ఉంది, చేతిలో గోంగూర పచ్చడి డబ్బా. లోపలికి రాలేదు. "ఆయనకి ఈ వయసులో ఈ తలవంపులెందుకు సరళా," అంది. "కుర్రాడిదేముంది, చిన్నవాడు. ఇవాళ కాకపోతే రేపు ఇంకోటి చూసుకుంటాడు." మా ఇళ్ళ మధ్య డబ్బాలు ఖాళీగా తిరిగి వెళ్ళడం ఎన్నడూ లేదు, ఏ పండో, గుప్పెడు పల్లీలో వేసి ఇవ్వడం మా ఇద్దరికీ అలవాటు. ఆ సాయంత్రం పచ్చడి అక్కడికక్కడే గిన్నెలోకి తీసి, డబ్బా ఖాళీగా ఆమె చేతిలో పెట్టాను. ఆమెకు అర్థమైంది. డబ్బా తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున విచారణకు ముందు ఆసుపత్రికి వెళ్ళాను. ఎర్నెస్టో నిద్రలో ఉన్నాడు. అతని భార్య నన్ను గుర్తుపట్టింది. ఆమె నన్ను తిట్టి ఉంటే తేలికగా ఉండేది. ఆమె అడిగింది ఒకటే: కాగితం బోర్డుకు తగిలించే ఉంది కదా మేడమ్? తన భర్త ప్రతిసారీ ముందు ఆ కాగితం చూసుకునే దిగుతాడట. ఇంటికొచ్చి ఆ మాట చెప్పేవాడట, ఆమె భయపడకుండా ఉండటానికి. తగిలించే ఉందని చెప్పాను. నేనే తగిలించానని చెప్పడానికి నోరు రాలేదు.

రెండో రోజు విచారణలో ఫీల్డ్ షీట్ మళ్ళీ అడిగాను. అంచున ఉన్న రెండు వరసలూ ముందు తెలుగులో పైకి చదివి, తర్వాత ఇంగ్లీషులో చెప్పాను. మహేందర్ ఫోన్లో ఆ టైముకు చేసిన కాల్ చూసుకోమన్నాను. ఆ తర్వాత నాప్‌కిన్ సంగతి చెప్పాను. మిగతా ఏడుగురి పేర్లు చెప్పి, నా పేరూ వాళ్ళలో కలిపాను. రెండేళ్ళుగా ఆయన ట్యాంకు దిగడం లేదని తెలిసీ కాగితాలు తీసుకున్నానని చెప్పాను. లాయరు నా మోచేతిని రెండుసార్లు తట్టినా నేను ఆగలేదు.

రాజు గారు కాదనలేదు. తెలుగులో, నాకు మాత్రమే వినపడేంత మెల్లగా, ఒక్క ప్రశ్న వేశాడు. "వాడికి నేనేం తక్కువ చేశాను సరళా?"

దానికి జవాబు ఇప్పుడు ఇస్తున్నాను. ఏమీ తక్కువ చేయలేదు, రాజు గారూ. గది ఇచ్చారు, అన్నం పెట్టారు, జ్వరం వస్తే మందు వేశారు. అడ్డం చెప్పడానికి ఆ కుర్రాడికి ఒక్క సందు కూడా మిగల్చలేదు. కసిరే యజమాని అయితే వాడు ఆ పొద్దున ఫోన్లో ఇవ్వనని అనేవాడు. మీరు ఫోన్లో కూడా నాన్నా అని పిలిచి చెప్పారు.

రాజు గారి పట్టా రద్దయింది. నాకు నెల రోజుల సస్పెన్షన్, రాతపూర్వకమైన హెచ్చరిక. అంతకన్నా ఎక్కువే పడాల్సింది. మహేందర్ మీద ఫోర్జరీ కేసు పెట్టలేదు. అయితే లాగ్‌బుక్‌లోని మూడేళ్ళూ కొట్టేశారు, ఆ సంతకాలను ఇక ఎవరు నమ్ముతారు? కొత్త స్పాన్సరును వెతుక్కోవడానికి వీసా నిబంధన ప్రకారం అరవై రోజులు. వెళ్ళే ముందు ఒకసారి మా ఆఫీసుకొచ్చి హెల్మెట్టు, బూట్లు అప్పగించాడు. కోపంగా ఉన్నాడు.

"మీరెందుకు చదివిన్రు మేడమ్? నేను చదవమన్ననా?"

ఆంటీ పోయి మేడమ్ వచ్చింది. జవాబు కోసం ఆగలేదు. వాషింగ్టన్ రాష్ట్రంలో, టకోమా రేవులో ఒక కెమిస్టు అతన్ని మొదటి పేజీ నుంచి మళ్ళీ చేర్చుకున్నాడని తర్వాత ఎవరో చెప్పారు. నాకు అతను ఎప్పుడూ ఫోన్ చేయలేదు. రాజు గారింటికి మాత్రం పండగ పండగకీ చేస్తాడట.

2022లో, నేను రిటైరయ్యే ఏడాది, టకోమా వైపు నుంచి ఒక ఓడ మా యార్డుకు వచ్చింది. దాని ఫైల్లో పాత సర్టిఫికెట్ ఒకటి కనపడింది. కింద కెమిస్టు పేరు మహేందర్‌ది. సంతకం కూడా అతని పేరుదే. చివర ఎడమకు తిరిగే తోక మాత్రం అచ్చంగా రాజు గారిది. అది చూసి సంతోషపడాల్సింది పోయి, ఫైలు బల్ల మీద విసిరేశాను.

ఈ ఉదంతం నాకు నేర్పింది పని పద్ధతికి సంబంధించిన సంగతి. బల్లాస్ట్ ట్యాంకులో ఒక అర నుంచి ఇంకో అరకు మోకాళ్ళ మీద తప్ప వెళ్ళలేం. ఎర్ర తుప్పు మోకాళ్ళకు అంటుతుంది, మూడు ఉతుకులకు కూడా పోదు. సస్పెన్షన్ ముగిసి తిరిగి వచ్చిన రోజు నుంచి రిటైరయ్యేదాకా, సర్టిఫికెట్ మీద సంతకం ఉన్నవాడి మోకాళ్ళు చూడకుండా నేను ఒక్క కాగితం తీసుకోలేదు. శుభ్రంగా ఉంటే వెనక్కి పంపాను. రెండుసార్లు పెద్ద గొడవే అయింది. దీనికి మీటరు అక్కర్లేదు, పట్టా అక్కర్లేదు, ఎవరైనా చూడొచ్చు. రెండేళ్ళ పాటు పేర్రాజు గారి ఖాకీ ప్యాంటు మీద ఇస్త్రీ మడత చెదరలేదు. అది నాకు కనపడక కాదు.